చెరువు కట్ట మీది ఫొటోగ్రాఫర్‌కు ఏ సాఫ్ట్‌వేర్?

చలికాలం ఆదివారం పొద్దున రాజీవ్ రహదారి మీద తూముకుంట దాటి శామీర్‌పేట చెరువు దగ్గరికి వెళ్తే పొగమంచు కంటే ముందు కెమెరాలు కనిపిస్తాయి. అల్వాల్, కొంపల్లి, మేడ్చల్ నుంచి బండ్ల మీద వచ్చినవాళ్లు. వారమంతా ఆఫీసులోనో, తుర్కపల్లి వైపు ఫార్మా కంపెనీల్లోనో పనిచేసి, కొంగల కోసం, నీటికాకుల కోసం తెల్లారకముందే లేచినవాళ్లు. లెన్సుల ధరల ముచ్చట అయ్యాక మాట తప్పకుండా అక్కడికే వస్తుంది. "దేంట్ల ఎడిట్ చేస్తున్నవన్నా?" "లైట్‌రూమే కదా, ఇంకేముంటది" అని ఒకరు. "ఫోన్లనే, స్నాప్‌సీడ్" అని ఇంకొకరు. మూడో ఆయన గొంతు కాస్త తగ్గించి, "క్రాక్ ఉంది తమ్మీ, పెన్‌డ్రైవ్ తెచ్చుకో, ఎక్కిస్త" అంటాడు.

మన దగ్గర ఫొటోలు తీసే అలవాటున్నవాళ్ల ఎంపికంతా దాదాపు ఈ మూడు జవాబుల్లోనే నడుస్తోంది. ఏది బాగుందో చెప్పే వీడియోలకు కొదవ లేదు. వాటిలో ఎక్కువ భాగం ఏ స్లైడర్ ఎటు లాగితే ఆకాశం నీలంగా మారుతుందో చూపించి సరిపెడతాయి. ఈ రోజు దొరికే పేరున్న సాఫ్ట్‌వేర్లలో దేనితోనైనా ఆకాశం నీలంగానే మారుతుంది. అడగాల్సింది వేరే ఉంది: ఈ కంపెనీ రేపు ధర పెంచినా, దుకాణం కట్టేసినా, నేనే మానేసినా, నా ఫొటోలూ వాటి మీద నేను పడ్డ కష్టమూ నాకు మిగులుతాయా? కొనేటప్పుడు ఎవరూ అడగని ఈ ప్రశ్నతోనే ఒక్కొక్క సాఫ్ట్‌వేర్‌నూ తూచి చూద్దాం.

ఈ ప్రశ్న మేడ్చల్, శామీర్‌పేట వాళ్లకు మరీ ముఖ్యం. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్ష తోటలకు పేరు. పందిళ్ల కింద గుత్తులు వేలాడిన నేలలో ఇప్పుడు వెంచర్ల బోర్డులు, కాంపౌండ్ గోడలు కనిపిస్తాయి. 2016 అక్టోబర్ 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడే నాటికే ఔటర్ రింగ్ రోడ్డు ఈ ప్రాంతం ముఖాన్ని మార్చేసింది. జవహర్ జింకల పార్కు దగ్గరి చెట్లు, కీసరగుట్ట మీంచి కనిపించే బండరాళ్లు, మేడ్చల్ స్టేషన్ పరిసరాలు పదేళ్ల తర్వాత ఇలాగే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. సరదాగా తీసిన ఫొటో ఇక్కడ చాలా త్వరగా ఆధారంగా మారిపోతుంది. మిగిలి ఉన్న ఒక ద్రాక్ష తోటను నిరుడు తీసినవాళ్లు, ఆ తోటను ఈ ఏడు మళ్లీ తీయలేకపోవచ్చు.

హైదరాబాద్‌కు ఈ విషయంలో ఒక పాత పాఠం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ (1844–1905) సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా తెరిచారు. నెగెటివ్ మీద పెన్సిలుతో టచింగ్ చేయడం, ప్రింటుకు చేత్తో రంగులు వేయడం ఆ కాలపు స్టూడియోల్లో మామూలు పని. అంటే ఎడిటింగ్ కొత్తగా పుట్టిన పాపం కాదు. ఆయన పోయిన ఎనభై నాలుగేళ్ల తర్వాత, 1989లో, ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజు పలక నెగెటివ్‌లు 2,857 సేకరించింది. ఆనాటి ప్రింట్లు ఎన్ని వెలిసిపోయినా, పలకలు ఉన్నాయి గనుక అవే బొమ్మలను ఈ రోజు మళ్లీ అచ్చు వేయగలుగుతున్నాం.

మన కెమెరాలో ఆ గాజు పలకకు సమానమైనది రా ఫైల్. సెన్సర్ మీద పడ్డ వెలుతురు లెక్కలన్నీ అందులో యథాతథంగా ఉంటాయి. జేపెగ్ అయితే కెమెరాయే సొంత నిర్ణయాలు తీసుకుని, మిగిలిన సమాచారాన్ని పారేసి చేతికిచ్చిన ప్రింటు. లెక్కల్లో చెప్పాలంటే జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటాయి, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. ఎండలో తెల్ల కొంగను, దాని పక్కనే నల్లటి నీటికాకిని ఒకే ఫ్రేములో తీసి చూడండి. జేపెగ్‌లో కొంగ ఈకలు సున్నం ముద్దలా కనిపిస్తాయి. రా ఫైల్‌లో ఆ ఈకల గీతలు చాలాసార్లు తిరిగి తెచ్చుకోవచ్చు. అందుకని సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ముందే తీసుకోవాల్సిన నిర్ణయం ఒకటుంది, కెమెరాలో రా ఆన్ చేయడం. అది చేయనివాళ్లు లైట్‌రూమ్ కొన్నా, ఉచితంగా దొరికేది వాడినా పెద్ద తేడా కనపడదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలను నమ్ముకున్నవాళ్లు ఏమయ్యారో కూడా చూడాలి. గూగుల్ వారి పికాసా ఒకప్పుడు మన ఊళ్లలో ప్రతి కంప్యూటర్‌లో ఉండేది. పెళ్లి ఫొటోలన్నీ ముఖాల వారీగా సర్ది పెట్టేది. 2016లో దాన్ని ఆపేశారు. యాపిల్ వారి అపర్చర్ మీద జీవితాలు గడిపిన ప్రొఫెషనల్ ఫొటోగ్రాఫర్లకు 2014లో కంపెనీ ఇక మంగళం అని చెప్పింది. ఒకసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే లైట్‌రూమ్‌లో ఆరోదే ఆఖరిది. 2017 చివర్లో దానికి అప్‌డేట్లు ఆగాయి. సోనీ, ఫుజీ వాళ్లకు ఉచితంగా దొరికిన క్యాప్చర్ వన్ ఎక్స్‌ప్రెస్ 2024 జనవరితో ముగిసింది. నిక్ ఫిల్టర్ల కథ ఇంకా విచిత్రం. గూగుల్ 2012లో నిక్ కంపెనీని కొన్నది, 2016లో ఫిల్టర్లను ఉచితం చేసింది, 2017లో ఫ్రెంచి కంపెనీ డీఎక్స్‌ఓకు అమ్మేసింది. అక్కడ అవి మళ్లీ డబ్బుల సరుకయ్యాయి. ఇందులో ఎవరినీ తిట్టాల్సిన పని లేదు, వ్యాపారం అలాగే ఉంటుంది. కానీ ఈ చరిత్ర తెలిశాక "ఏది బెస్ట్" అన్న మాటకు నాకు పెద్ద విలువ కనపడదు.

ముందు లైట్‌రూమ్ సంగతి. అడోబీ 2007లో తెచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ ఇంతమంది చేతుల్లో ఉండటానికి కారణం ఉంది. కార్డులో ఉన్న అయిదు వందల ఫొటోల్లో పనికొచ్చే పాతికను ఏరడం, చుక్కలు ఇవ్వడం, కీవర్డులు రాయడం, ఒక ఫొటోకు చేసిన మార్పులను మిగతా వాటికి ఒక్కసారిగా అంటించడం, ఇవన్నీ దీంట్లో ఉన్నంత సాఫీగా నేను ఇంకెక్కడా చూడలేదు. ఆకాశాన్నీ, పిట్టనూ, మనిషినీ తానే గుర్తుపట్టి మాస్కు వేస్తుంది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన డినాయిస్, పొద్దు పొడవకముందు ఎక్కువ ఐఎస్ఓలో తీసిన లకుముకిపిట్ట ఫొటోను నిజంగానే కాపాడుతుంది. తెలుగులో పాఠాలు చెప్పేవాళ్లు కూడా దీనికే ఎక్కువ మంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది చిన్న సౌకర్యం కాదు.

చిక్కల్లా అద్దెలో ఉంది. నెలనెలా కట్టినంత కాలమే పూర్తి పని. 2025 జనవరిలో అడోబీ 20 జీబీ ఫొటోగ్రఫీ ప్లాన్‌ను కొత్తవాళ్లకు మూసేసింది. అప్పటిదాకా అందరికీ అందుబాటులో ఉన్న చవక దారి అదే. అయిదేళ్ల అద్దె లెక్క కడితే ఒక మాదిరి లెన్స్ వస్తుంది. ఏడాదంతా తీసేవాళ్లకు ఇది గిట్టుబాటే. బతుకమ్మకీ సంక్రాంతికీ మాత్రమే కెమెరా బయటికి తీసేవాళ్లకు శుద్ధ దండగ.

అద్దె మానేస్తే ఏమవుతుంది? లైట్‌రూమ్ క్లాసిక్ తెరుచుకుంటుంది, ఫొటోలు చూడొచ్చు, బయటికి ఎగుమతి చేసుకోవచ్చు. ఎడిటింగ్ జరిగే డెవలప్ విభాగం మాత్రం తాళం పడుతుంది. క్లౌడ్ లైట్‌రూమ్‌లో దాచిన అసలు ఫైళ్లను దించుకోవడానికి ఏడాది గడువిస్తారు. ఇంతవరకు మర్యాదగానే ఉంది. జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది. మీరు చేసిన మార్పులు, రాసిన కీవర్డులు అన్నీ క్యాటలాగ్ అనే ఒక్క ఫైల్‌లో కూర్చుంటాయి. వాటిని ఫొటో పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైల్‌గా కూడా రాయమని చెప్పే ఆప్షన్ క్యాటలాగ్ సెట్టింగుల్లో ఉంది, కానీ మొదట్లో అది ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే కీవర్డులు, చుక్కలు వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చదువుతాయి. లైట్‌రూమ్ వాడేవాళ్లు ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటామంటే, ఇదే పెట్టుకోండి.

1990లో పుట్టిన ఫొటోషాప్ మనలో చాలామందికి అక్కర్లేదు. ఈ మాటకు కట్ట మీద మిత్రులు ఒప్పుకోరని తెలుసు. వెలుతురు, రంగు, క్రాపు సరిచేసుకోవడానికి రా సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. రెండు ఫొటోలు కలపాలన్నా, అడ్డొచ్చిన కరెంటు తీగను శుభ్రంగా తీసేయాలన్నా, పోస్టర్ వేయాలన్నా ఫొటోషాప్ లాంటిది కావాలి. పోస్టర్ దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. పండగ శుభాకాంక్షల మీద తెలుగు అక్షరాలు టైపు చేస్తే పాత ఫొటోషాప్‌లో ఒత్తులు పక్కకు జారి, గుణింతాలు విడిపోయేవి. మన డీటీపీ, ఫ్లెక్సీ దుకాణాల వాళ్లు అను ఫాంట్లతో ఎన్నో ఏళ్లు నెట్టుకొచ్చింది అందుకే. తర్వాతి వెర్షన్లలో టైప్ సెట్టింగుల్లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను వరల్డ్ రెడీ అన్నదానికి మారిస్తే యూనికోడ్ తెలుగు సరిగ్గా పడేది, ఇప్పటి ఫొటోషాప్‌లో ఆ మార్పు కూడా అక్కర్లేదు. గింప్‌లో ఆ బాధ లేదు, తెలుగు నేరుగా కుదురుతుంది. ఏ కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకున్నా ముందు "లక్ష్మి", "స్వాతంత్ర్యం" అని రెండు మాటలు టైపు చేసి చూడండి. అక్కడ తేడా వస్తే పోస్టర్ పనికి దాన్ని మరిచిపోవచ్చు.

ఇక డార్క్‌టేబుల్. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. 2009లో మొదలైన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను రాసేదీ వాడేదీ ఫొటోగ్రాఫర్లే. మొదట్లో లినక్స్‌కే పరిమితం, 2017 చివరి నుంచి విండోస్‌లోనూ నడుస్తోంది. ఏటా రెండు పెద్ద వెర్షన్లు, ఒకటి జూన్ ప్రాంతంలో, ఒకటి క్రిస్మస్‌కు వస్తాయి. పైసా కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. మన ప్రశ్నకు దీని జవాబు అన్నిటికంటే గట్టిది. ప్రతి ఫొటో పక్కన ఎక్స్‌ఎంపీ ఫైల్ దానంతట అదే రాస్తుంది. అసలు ఫైల్‌ను ముట్టుకోదు. సోర్సు కోడు అందరికీ తెరిచి ఉంటుంది గనుక ఒక కంపెనీ మూతపడటంతో ఇది మాయం కాదు.

అయితే మొదటిసారి తెరిచినవాళ్లకు కళ్లు తిరుగుతాయి. డజన్ల కొద్దీ మాడ్యూళ్లు, ఒకే పనికి మూడు నాలుగు దారులు, ఏది ముందో ఏది వెనకో తెలియదు. లైట్‌రూమ్‌లో హైలైట్స్ స్లైడర్ లాగి వదిలేసేవాళ్లను, ఇక్కడ వెలుతురు ఎక్కడ నలుపవ్వాలి, ఎక్కడ తెలుపవ్వాలి అని కూర్చోబెట్టి అడుగుతుంది. దీన్ని నేర్చుకునే పద్ధతి ఒకటే. ఎక్స్‌పోజర్, ఫిల్మిక్, కలర్ కాలిబ్రేషన్, ప్రొఫైల్డ్ డినాయిస్, లెన్స్ కరెక్షన్, క్రాప్. ఈ ఆరింటినీ క్విక్ ప్యానెల్‌లో పెట్టుకుని మిగతావాటి వైపు కొన్ని నెలలు చూడకపోవడమే మంచిది. రంగును బట్టీ, వెలుతురును బట్టీ ఎంచుకునే పారామెట్రిక్ మాస్కులు దీని అసలు బలం. పొగమంచులో చెరువు నీళ్లను ముట్టుకోకుండా అవతలి గట్టు మీది చెట్లను మాత్రమే తేల్చాలంటే ఇంత సూక్ష్మంగా కుదిరేవి తక్కువ. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు దీన్ని వదలరు. ఓపిక లేనివాళ్లు పది నిమిషాల్లో తీసేస్తారు. ఇద్దరిదీ తప్పనను.

దీనికి అన్న లాంటిది రాథెరపీ. 2004లో బుడాపెస్ట్‌లో ఒక ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు, 2010లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదలైంది. చిన్న వివరాలు, షార్ప్‌నెస్ దీనిలో బాగా వస్తాయి. దాన్నుంచే సులువు చేసి తీసిన ఆర్ట్ అనే రూపం కూడా ఉంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాతావరణం కొత్తేమీ కాదు. తెలుగు లినక్స్ తెచ్చిన "స్వేచ్ఛ" సంస్థ ఇక్కడిదే, కాలేజీ పిల్లల్లో చాలామందికి ఆ పేరు తెలుసు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే డార్క్‌టేబుల్ ఎక్కించడం వాళ్లకు అరగంట పని.

ఫొటోషాప్‌కు బదులు అడిగేవాళ్లకు ఇప్పుడు రెండు ఉచిత దారులున్నాయి. గింప్ పాతకాపు. 2025 మార్చిలో వచ్చిన మూడో వెర్షన్‌తో, వేసిన ఫిల్టర్‌ను తర్వాత మార్చుకునే వీలు చివరికి వచ్చింది. దశాబ్దాలుగా జనం అడుగుతున్నది అదే. రెండోది అఫినిటీ. ఇంగ్లండ్‌లోని సెరిఫ్ కంపెనీ దీన్ని ఒకసారి కొంటే చాలు అనే పద్ధతిలో అమ్మి పేరు తెచ్చుకుంది. 2024 మార్చిలో క్యాన్వా దాన్ని కొన్నది, 2025 అక్టోబర్ చివరన కొత్త అఫినిటీని ఉచితం చేసింది. కృత్రిమ మేధ పనిముట్లకు మాత్రం క్యాన్వాకు డబ్బు కట్టాలి. పనితనంలో ఇది గింప్ కంటే నున్నగా ఉంటుంది. కానీ వాడాలంటే క్యాన్వా ఖాతా ఉండాలి, ఫైల్ రూపం వాళ్ల సొంతం. నిక్ ఫిల్టర్ల కథ ఒకసారి గుర్తు చేసుకుని, పూర్తయిన ప్రతి ఫొటోనూ టిఫ్‌గా కూడా దాచుకుంటూ వాడండి.

అందరూ మరిచిపోయే సాఫ్ట్‌వేర్ ఒకటి కెమెరా కొన్న రోజే మీ సొంతమైంది. నికాన్ వాళ్లకు 2021లో వచ్చిన ఎన్‌ఎక్స్ స్టూడియో, క్యానన్ వాళ్లకు డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, సోనీకి ఇమేజింగ్ ఎడ్జ్, ఫుజీకి ఎక్స్ రా స్టూడియో. అన్నీ ఉచితం. కెమెరా వెనక తెరలో చూసి మురిసిపోయిన రంగులు కంప్యూటర్‌లో అచ్చంగా అలాగే రావాలంటే వీటికి మించినవి లేవు, ఆ రంగుల సూత్రం వాళ్ల దగ్గరే ఉంది గనుక. ఫుజీది మరీ తమాషా. కేబుల్‌తో కెమెరాను తగిలిస్తే కంప్యూటర్ బదులు కెమెరా లోపలి ప్రాసెసరే పని చేస్తుంది, నాసిరకం ల్యాప్‌టాప్ ఉన్నా చిక్కుండదు. ఇవి నెమ్మదివి, ఫొటోలు సర్దడంలో మొద్దువి. అయినా కొత్తవాళ్లు మొదటి ఆరు నెలలు వీటితో గడిపితే, తమకు ఏం తక్కువవుతోందో తెలిసి తర్వాతిది కొంటారు. కోఠి కెమెరా దుకాణాల్లో బ్యాగు, ట్రైపాడ్ అంటగడతారు గానీ ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఫోన్‌తో తీసేవాళ్లను చిన్నచూపు చూసే రోజులు పోయాయి. స్నాప్‌సీడ్ ఉచితం, ప్రకటనలు రావు, రా ఫైళ్లను కూడా తెరుస్తుంది. వేలితో తాకిన చోట మాత్రమే వెలుతురు మార్చే పద్ధతికి పేరు తెచ్చింది అదే. మేడ్చల్ హైవే మీద ఆగి తీసిన సాయంత్రం ఫొటోకు ఇంతకంటే అక్కర్లేదు. జాగ్రత్త పడాల్సింది బ్యూటీ ఫిల్టర్లతో. మన చామనఛాయ ముఖాలను అడగకుండానే తెల్లబరిచి, చెంపల మీద ముడతలు తుడిచేసి, అమ్మమ్మను బొమ్మలా మారుస్తాయి. పెళ్లి ఆల్బమ్ టచింగ్ వాళ్ల నుంచి ఈ జబ్బు ఫోన్లలోకి ఎక్కింది. ఆపుకోగలిగిన చోటల్లా ఆపేయండి. గూగుల్ ఫొటోస్‌ను అసలు దాచే చోటుగా నమ్ముకోవద్దు. 2021 జూన్ 1 నుంచి ఉచితం 15 జీబీకే పరిమితం. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో ఒక పొద్దున అయిదు వందల రా ఫైళ్లు తీస్తే, ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ చొప్పున, ఆ జాగా ఒకే ఆదివారంలో దాదాపు నిండిపోతుంది.

డబ్బు పెట్టి వాడే మిగతావాటిలో క్యాప్చర్ వన్ రంగుల కోసం, స్టూడియో పనికోసం. సరదాగా తీసేవాళ్లకు బరువు. డీఎక్స్‌ఓ ఫొటోల్యాబ్‌ను మాత్రం పక్షుల వాళ్లు ఒకసారి ట్రయల్ వేసి చూడాలి. దాని డీప్‌ప్రైమ్ చీకటి ఫొటోల్లోంచి నాయిస్‌ను తీసే తీరు గొప్పది, పైగా ఇప్పటికీ ఒకసారి కొనుక్కునే పద్ధతే. లూమినార్ 2019లో ఆకాశాన్ని మార్చే మంత్రంతో జనాన్ని ఊపేసింది. ఆ తర్వాత శామీర్‌పేట చెరువు మీద స్విట్జర్లాండ్ మబ్బులు కమ్ముకున్న ఫొటోలు చాలానే చూశాం. పైన నారింజ రంగు ఆకాశం, కింద నీళ్లలో పాత బూడిద రంగు నీడ!

కృత్రిమ మేధతో జోడింపుల మీద నాకున్న అభ్యంతరం నీతికి సంబంధించింది మాత్రమే కాదు. సలోన్ పోటీలకు పంపేవాళ్లకు అది నేరుగా నష్టం. అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ నిబంధనల ప్రకారం ప్రకృతి విభాగంలో నాయిస్, దుమ్ము మచ్చలు తీయొచ్చు, క్రాప్ చేయొచ్చు గానీ, అడ్డొచ్చిన ఒక్క కొమ్మను చెరిపినా కుదరదు. అనుమానం వస్తే రా ఫైల్ అడుగుతారు. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి దశకు ముందు దశకు చేరిన ఫొటోల్లో దాదాపు 20 శాతాన్ని మార్పులు చేశారన్న కారణంతోనే పక్కన పెట్టారు. మనం దాచే ఊరి ఫొటోలకు పోటీ నిబంధనలు లేవు, నిజమే. కానీ ఇరవై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకు ఆ తాటిచెట్టు నిజంగా అక్కడ ఉందో, సాఫ్ట్‌వేర్ నాటిందో తెలియాలి కదా. తెలంగాణ పల్లెలను, బతుకమ్మను దశాబ్దాల పాటు తీసి 2022లో కన్నుమూసిన గుడిమల్ల భరత్ భూషణ్ ఫొటోలకు ఇప్పుడున్న విలువ, అవి ఉన్నదున్నట్టు చూపడంలోనే ఉంది.

బతుకమ్మ అన్నాక రంగుల మాట ఎత్తాలి. తంగేడు పసుపు, బంతి నారింజ, పట్టుకుచ్చుల ముదురు గులాబీ, వీటిని తీసి ఇంటికొస్తే తెర మీద పూల గీతలు పోయి రంగు ముద్దలు కనిపిస్తాయి. చాలామంది సాఫ్ట్‌వేర్‌ను తిడతారు. దోషం తరచుగా రెండు చోట్ల ఉంటుంది. ఫొటో తీసేటప్పుడే ఎరుపు ఛానెల్ నిండిపోయి ఉంటుంది, కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుంటే తెలిసేది. రెండోది ల్యాప్‌టాప్ తెర. ఆఫీసు పనికని తక్కువ ధరలో కొన్న ల్యాప్‌టాప్‌ల తెరలు మామూలు ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా చూపించలేవు. తెర చూపని ఎరుపును సరిచేయబోయి ఫొటోను పాడుచేస్తాం. డబ్బు చేతిలో ఉంటే సాఫ్ట్‌వేర్ కంటే ముందు పూర్తి ఎస్‌ఆర్‌జీబీ చూపే ఐపీఎస్ మానిటర్ కొనమంటాను. తర్వాత సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లి ర్యామ్ 16 జీబీ చేయించుకుని, ఎస్ఎస్‌డీ వేయించుకోవాలి. డినాయిస్ లాంటి వాటికి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఒక్కో ఫొటోకు నిమిషాల తరబడి కూర్చోవాలి.

ల్యాబ్‌కు ప్రింటుకిచ్చేటప్పుడు కూడా ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ ఇవ్వండి. అడోబీ ఆర్‌జీబీ పంపితే చాలా ల్యాబ్‌ల మిషన్లలో రంగులు చచ్చిపోయి వస్తాయి. 12×18 ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 3,600×5,400 పిక్సెళ్లు చాలు. 24 మెగాపిక్సెళ్ల ఫొటోకు అది నిక్షేపంగా సరిపోతుంది. పిట్ట దూరంగా ఉందని నిలువునా అడ్డంగా సగానికి కత్తిరిస్తే మిగిలేది ఆరు మెగాపిక్సెళ్లే. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పన్నెండు అంగుళాల గోడ బొమ్మగా నిజాయితీగా మార్చలేదు.

క్రాక్ విషయం. తప్పు అని చెబితే వినేవాళ్లు ఎప్పుడో మానేసి ఉంటారు, కాబట్టి పనికొచ్చే కారణమే చెబుతాను. క్రాక్ వెర్షన్ ఎక్కించాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటారు. ఆ పెన్‌డ్రైవ్‌లో ఇంకేం వస్తుందో ఇచ్చినవాడికీ తెలియదు. మన బ్యాంకు పాస్‌వర్డులు, పిల్లల ఫొటోలు అన్నీ అదే కంప్యూటర్‌లో ఉంటాయి. పైగా పాత ఫొటోషాప్‌లు కొత్త కెమెరా రా ఫైళ్లను గుర్తుపట్టవు. పాత లైసెన్సు నిజాయితీగా కొన్నవాళ్లకైతే ఒక దారి ఉంది. అడోబీ వారి ఉచిత డీఎన్‌జీ కన్వర్టర్‌తో కొత్త రా ఫైళ్లను డీఎన్‌జీ అనే ఉమ్మడి రా రూపంలోకి మార్చుకుంటే పాత లైట్‌రూమ్ ఆరు కూడా తెరుస్తుంది. ఇన్ని ఉచిత సాఫ్ట్‌వేర్లు వచ్చాక క్రాక్‌కు మిగిలిన కారణం అలవాటు ఒక్కటే.

చివరికి ఎవరికి ఏది? ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకు స్నాప్‌సీడ్ చాలు, దేనికీ డబ్బు కట్టొద్దు. కొత్తగా కెమెరా కొన్నవాళ్లు కంపెనీ ఇచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి. నెలకు నాలుగు ఆదివారాలూ తిరిగి, వందల ఫొటోలు ఏరుకోవాల్సినవాళ్లు లైట్‌రూమ్ అద్దె కట్టొచ్చు, ఎక్స్‌ఎంపీ ఆన్ చేసే షరతు మీద. అద్దె అంటే ఒళ్లు మండేవాళ్లు, కంప్యూటర్ అంటే భయం లేనివాళ్లు డార్క్‌టేబుల్‌కు వెళ్లాలి. కొన్ని వారాలు తిట్టుకున్నాక వదలరు. పోస్టర్లకు గింప్ గానీ, తెలుగు అక్షరం సరిగ్గా పడుతుందని చూసుకున్నాక అఫినిటీ గానీ. ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు డార్క్‌టేబుల్‌కు.

ఏది వాడినా సరే, ఈ ఆదివారం ఒక పని చేయండి. ఫొటోలను ఏడాది, నెల, ఊరి పేరుతో మామూలు ఫోల్డర్లలో సర్ది, రా ఫైళ్లు, ఎక్స్‌ఎంపీలు, పూర్తయిన జేపెగ్‌లు కలిపి రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, ఒక డిస్కును వేరే ఇంట్లో పెట్టండి.